నైరుతి మూల

1998 డిసెంబరు. మాదాపూర్‌లో భూములు కొని ప్లాట్లు చేసి అమ్మే ఒక కంపెనీ ఆఫీసు. ఉదయం పది కావస్తున్నది. యజమాని విశ్వేశ్వరరావు, కంప్యూటర్ ముందు తేజస్విని, రోజూ ఆ గదులు ఊడ్చే యాదమ్మ. పెట్టుబడి పెట్టడానికి బొంబాయి నుంచి మధ్యాహ్నం మనుషులు వస్తారు.

“అక్కడ కాదు యాదమ్మా. ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చో.”

“ఇయ్యాల ఊడ్వ సారు. ఒక మాట చెప్పి పోదామని వచ్చిన.”

“ఊడవమని ఎవరన్నారు? కూర్చోమంటున్నాను. బొంబాయి పార్టీ కూర్చునేది ఆ కుర్చీలోనే. అక్కణ్ణించి గోడ మీద బొమ్మ ఎలా కనపడుతుందో తెలియాలి నాకు.”

“నేను కింద కూసుంట.”

“పార్టీ కింద కూర్చోదు కదా! ఏవమ్మా తేజస్వినీ, నువ్వైనా చెప్పు.”

“కూర్చో పెద్దమ్మా, ఏం కాదు. నేను లేస్తే ఈ కంప్యూటర్ చూసేవాళ్లుండరు.”

“సారు, ఒక్కటే మాట...”

“తర్వాత చెబుదువుగాని. లైటు తీసెయ్యమ్మాయ్. ఆఁ. ఏం కనపడుతోంది యాదమ్మా?”

“గుండ్రంగ ఒక మేడ.”

“ఏ మేడ?”

“గా హైటెక్ మేడ. దాన్ని కట్టేటప్పుడు నేను ఇసుక మోసిన.”

“బావుంది. అక్షరాలు?”

“నాకు సదువు రాదు గద సారు.”

“చదవమనలేదు. పెద్దగా ఉన్నాయా, చిన్నగా ఉన్నాయా?”

“పెద్దగనే ఉన్నయి.”

“సరే. ఇంగ్లీషు సంగతి తర్వాత, ముందు తెలుగులో నాకు నోరు తిరగాలి. మొదలుపెడుతున్నాను. ‘అయ్యా, ఇవాళ మీరు చూడబోయేది భూమి కాదు...’”

“భూమి కాకుంటె ఏంది సారు?”

“అదే వస్తున్నా. ‘...భవిష్యత్తు.’ మధ్యలో ఆపకు.”

“పార్టీ వాళ్లు కూడా అట్లనే అడుగుతారేమో సార్.”

“అడగనీ. అడిగితేనే మంచిది. యాదమ్మా, నువ్వు కూడా అడుగు. ఏది తోస్తే అది అడుగు. నువ్వే ఇప్పుడు పార్టీవి. రెండోది వెయ్యమ్మా. ‘హైటెక్ సిటీ నుంచి మా సైటుకి అయిదు నిమిషాలు.’”

“అయిదు నిమిషాలా?”

“ఏం?”

“నేను రోజు నడుస్త గద సారు. గంట దాటుతది.”

“కార్లో.”

“కారు ఏ తొవ్వన పోతది? గా బండల మీదికెళ్లా?”

“రోడ్డు వస్తుంది.”

“వచ్చినంక అయిదు నిమిషాలు అని రాయాలె గద.”

“నవ్వకు తేజస్వినీ.”

“లేదు సార్. కింద చిన్నగా ‘రోడ్డు పూర్తయిన తర్వాత’ అని పెట్టమంటారా?”

“ఎంత చిన్నగా?”

“ఆ కుర్చీలోంచి కనపడనంత.”

“పెట్టు. టైమెంతయింది?”

“పదీ అయిదు సార్.”

“తర్వాతది. ‘మంచినీళ్లు.’”

“బోరు ఏసిండ్రు గద, ఎండిపాయె.”

“బోరు బొమ్మ కాదది, పైపు లైను బొమ్మ. సరే, నీళ్లు దాటించు. ఆ తర్వాతది వెయ్యి. ఇది చాలా ముఖ్యం. మనిషి ముఖం కనపడితేనే నమ్మకం కుదురుతుంది. ‘ఈ భూమిని మాకిచ్చిన రైతు. నాలుగేళ్ల కింద ఎంత సంతోషంగా ఇచ్చాడో ఇవాళా అంతే సంతోషంగా ఉన్నాడు.’ ఎలా ఉంది?”

“మా ఇంటాయిన.”

“మీ ఆయనేలే, రాములే. ఎలా ఉన్నాడంటున్నాను?”

“గీ ఫోటువ ఎప్పుడు దిగిండు?”

“దసరా అప్పుడు. తలపాగా మన డ్రైవరుది. బాగా అమిరింది కదూ?”

“నవ్వుతున్నడు.”

“నవ్వమంటే ముప్పావుగంట పట్టింది.”

“నవ్వుతె పన్ను కనవడ్తదని నవ్వడు సారు. ఎన్నడు నవ్వలే. నా పెండ్లిల గూడ.”

“సార్, ఈ బొమ్మ కింద రెండు వరసలు మీరు చెప్తానన్నారు. ‘మా భూమి మంచి చేతుల్లో పడింది’ అని ఒకటి. రెండోది?”

“రెండోది... ఉండు. ఇది మార్చేయి. ‘ఉన్నాడు’ అనొద్దు. రైతు పేరు, అంతే. సంతోషం, గింతోషం తీసెయ్.”

“ఇప్పుడే కదా సార్ చాలా ముఖ్యం అన్నారు.”

“ఎక్కువైంది. తీసెయ్.”

“సారు, మా ఇంటాయిన గురించే నేను...”

“ఫోను మోగుతోంది. ఉండండి, లోపల మాట్లాడి వస్తాను. యాదమ్మా, కుర్చీలోంచి లేవకు. తేజస్వినీ, టీ తెప్పించి ఇయ్యమ్మా తనకి.”

“టీ చెప్పనా పెద్దమ్మా?”

“వద్దు బిడ్డా. ఇయ్యాల ఏం ముట్ట.”

“ఉపవాసమా?”

“కాదు.”

“ఒంట్లో బాలేదా? ముఖం అట్లా పెట్టుకున్నావు.”

“మా ఇంటాయిన పోయిండు బిడ్డా.”

“ఎక్కడికి?”

“సచ్చిపోయిండు. పొద్దుగాల, కోడి కూసినంక. దగ్గు దగ్గి ఊకున్నడు. నిద్ర పట్టిందనుకున్న.”

“పెద్దమ్మా!”

“గట్టిగ అనకు. సారు ఇంటడు.”

“నువ్వు... ఇక్కడ ఏమిటికి కూర్చున్నావు? లే. ఇంటికి పో. నేను లోపలికి పోయి చెప్తా.”

“చెప్పకు. నీ కాల్మొక్కుత, ఇప్పుడే చెప్పకు. ఆడ మా మరిది, మా వాడకట్టోళ్లు పారలు పట్టుకొని నిలవడ్డరు. వాచ్‌మన్ తవ్వనిస్తలేడు. సారు చెప్తెనే అంటున్నడు. గందుకే వచ్చిన.”

“ఎక్కడ తవ్వల్ల?”

“మా భూమిల. నైరుతి మూలకు మా అత్త, మామ గోరీలున్నయి గద, ఆటి పక్కన. భూమి అమ్మిన్నాడే సారు మాటిచ్చిండు, గా మూల మీదే రాములూ అని. కాయితాలల్ల అంత రాయించుకున్నడు గని, నోటితోని మాటిచ్చిండు. మా ఇంటాయిన చేతిల చెయ్యేసి ఇచ్చిండు. నేను చూసిన.”

“అయితే సార్‌కి ఆ మాట చెప్పక, పార్టీలాగా ఈ కుర్చీలో కూర్చుంటావేంది?”

“నువ్వు చిన్నదానివి. పార్టీ వచ్చే దినం ఇది. పొద్దున్నే టెంకాయ కొట్టిండు, గడపకు పసుపు పెట్టించిండు. చావింటికెళ్లి వచ్చిన్నంటె గడప ఎక్కనిస్తడా? మెట్లకాడికెళ్లే ఎల్లగొడ్తడు. మొదలు గా మాట మల్లొకసారి సారు నోట్లకెళ్లి రానియ్యి. ఎన్క చెప్త.”

“ఏడుపు రావడం లేదా నీకు?”

“ఆడ ఏడ్వనీకి మస్తుమంది ఉన్నరు. తవ్వించనీకి నేనే ఉన్న.”

“...ఆఁ, చెప్పు. ఎంతమంది?... అంతమందా?... సరే, గొడవేం పెట్టుకోకు. కూర్చోబెట్టు అందర్నీ. టీలు ఇప్పించు. నేను మళ్లీ చేస్తాను. అసలాయనతో మాట్లాడాలి, ఆయన ఒప్పుకుంటే మిగతావాళ్లు ఒప్పుకుంటారు...”

“లోపల పార్టీతో మాట్లాడుతున్నట్టుండారు. పెద్దమ్మా, విను. నేను కూడా సాయం పడతా. ఆ మూల వచ్చే బొమ్మ ఇంకో బొమ్మ తర్వాత. సార్‌కి వాస్తు అంటే ప్రాణం. దాన్ని పట్టుకుంటా.”

“ఏం జేస్తవో చెయ్యి బిడ్డా. ఎండ ఎక్కుతున్నది.”

“టీ తాగావా యాదమ్మా?”

“వద్దన్న సారు.”

“సార్, ఫోన్ పార్టీ వాళ్లదేనా?”

“ఆఁ. ఆఁ, వాళ్లదే. టైమెంత?”

“పదిన్నర.”

“సరే, వెయ్యి. సైటు మొత్తం కనపడే ఫోటో. లైటు వేసున్నట్టుంది, తియ్యి. ఆఁ. ‘ఇదీ మా నలభై ఎకరాలు. ఒక్క ఆక్రమణ లేదు, ఒక్క గుడిసె లేదు, ఒక్క తగాదా లేదు.’”

“గిది మా భూమేనా?”

“మీదే. మాదే.”

“మా అత్త, మామ ఏరి?”

“ఏంటి?”

“గా బండ పక్కకు ఉండాలె గద. మొన్ననే సున్నం ఏసినం. దూరంకెళ్లి తెల్లగ కనవడ్తుండె. ఏరి బిడ్డా?”

“పెద్దమ్మా, అది... సార్ చెప్పినారు. వాటి మీద మట్టి రంగు పూసినా.”

“ఎట్ల పూసినవు? నువ్వు ఆడికి పోలే గద.”

“ఇక్కడే. కంప్యూటర్లో. పక్కనున్న మట్టి ముక్క తీసి వాటి మీద పెట్టినా. పది నిమిషాల పని.”

“ఉన్నయా, మరి? ఆడ ఉన్నయా?”

“అక్కడ ఉంటాయి పెద్దమ్మా. ఫోటోలోనే లేవు.”

“యాదమ్మా, గోరీలు చూస్తే ఒక్క రూపాయి పెట్టడు బొంబాయివాడు. అది వాళ్ల తప్పు కాదు, నీ తప్పు కాదు. తర్వాతది వెయ్యమ్మా. తొందరగా వెయ్యి.”

“ఇది లేఅవుట్ సార్. దీని గురించి ఒకటి అడగాల. నైరుతి మూల క్లబ్ హౌసు, దాని ముందర ఈత కొలను వేసినాము కదా. నైరుతిలో నీళ్లుండొచ్చా? పల్లం ఉండొచ్చా? పార్టీలో ఒకాయన వాస్తు చూడందే చెప్పు కూడా కొనడని మీరే అన్నారు.”

“అన్నాను.”

“అయితే ఆ మూల ఏమీ కట్టకుండా వదిలేస్తే? చెట్లు వేసి పచ్చగా వదిలేద్దాం. మూడు సెంట్ల జాగా కూడా కాదు సార్. క్లబ్ హౌసు తూర్పుకి జరుపుతా. అరగంటలో అయిపోతుంది.”

“నువ్వు చెప్పింది నిజమే. నైరుతిలో గొయ్యి పనికిరాదు.”

“అదే నేననేది.”

“ఏ గొయ్యీ పనికిరాదు. ఈత కొలనైనా, ఇంకోటైనా.”

“ఇంకోటంటే?”

“ఏమ్మా, అలా చూస్తావ్? జరిపెయ్యి తూర్పుకి. పచ్చరంగు వేసెయ్యి ఆ మూల. గొయ్యి లేకుండా.”

“సారు, నేనిప్పుడు పార్టీనే గద?”

“ఆఁ, పార్టీవే. అడుగు.”

“నాకు గా మూల కావాలె.”

“మూల ఒక్కటీ ఇవ్వం. ఎకరాల్లెక్కన ఇస్తాం.”

“గా మూల ఇడిస్తెనే పైసలు పెడ్త. లేకుంటె లేచి బొంబాయికి పోత.”

“బొంబాయికే! అబ్బో. ఏ క్లాసులో పోతావ్?”

“నేను నవ్వులాటకు అంటలేను సారు.”

“నేనూ నవ్వడం లేదు యాదమ్మా. టైమెంతయిందమ్మాయ్?”

“పదకొండు కావస్తాంది. మాటిమాటికీ టైము అడుగుతున్నారు. రెండింటికి కదా సార్ వాళ్లొచ్చేది?”

“రెండింటికే. నాలుగ్గంటలకి సైటు దగ్గరికి తీసుకెళ్లాలి. అక్కడ ఈ ఫోటోలో ఏముందో అదే ఉండాలి. ఫోటోలో లేనిది అక్కడ ఉండకూడదు. ఉన్న గోరీల మీద తడికలు కట్టి తీగలు పాకించమన్నాను. నర్సరీ వాడు నిన్ననే చేశాడు.”

“నిన్న తీగెలు చూసిన. సారుకు యాదికున్నది, మనోళ్ల కోసం పూలు పెట్టించిండని మా ఇంటాయిన సంబురపడ్డడు. మంచంల లేచి కూసున్నడు.”

“...అలా అన్నాడా?”

“అన్నడు.”

“చూడు యాదమ్మా, నేను చెడ్డవాణ్ణి కాను. ఇద్దరు పార్ట్‌నర్లు చేతులు దులుపుకుని పోయారు. మా ఆవిడ మొన్నటిదాకా మాట్లాడేది, ఇప్పుడు అదీ మానేసింది. ఇవాళ వీళ్లు కూడా వెనక్కి తిరిగిపోతే ఈ బోర్డు పీకేసుకుని పోవడమే. పచ్చిగా తవ్విన... పచ్చిగా ఏ గొడవ కనపడినా వెనక్కి పోతారు. నిన్న ఒక పార్టీ ఎక్కడో కుక్క చచ్చిపడుందని కారు దిగలేదట.”

“గొడవ చెయ్య సారు. నేనెన్నడన్న గొడవ చేసిన్నా? భూమి పోయినంక గూడ నీ ఆఫీసే ఊడిసిన.”

“చెయ్యలేదు. నువ్వు చెయ్యలేదు.”

“సార్, నేనొకటి తిన్నగా అడుగుతా. కోపం చేసుకోవద్దు. ఆ మూల వీళ్లకు ఇడుస్తామని మీరు మాటిచ్చినారా లేదా?”

“నీకెందుకమ్మా ఆ సంగతి? నీ పని బొమ్మలు.”

“బొమ్మల్లోనే కదా సార్ నేను వాళ్ల గోరీలు తీసేసింది. అందుకే అడుగుతాండా.”

“రాసిచ్చానా? ఎక్కడన్నా రాసుందా?”

“రాయలే సారు. రాసినవని నేననలే. నోటితోని అన్నవు. మా ఇంటి ముంగట, మంచం మీద కూసొని. మా ఇంటాయిన నీకు కల్లు పోసిండు, నువ్వు తాగవు గని ముంత పట్టుకున్నవు. కుడిచేతిల ముంత ఉండె, ఎడమచెయ్యి ఇచ్చినవు. ఎడమచెయ్యి ఇస్తె ఎట్ల దొరా అన్నడు. నువ్వు ముంత కింద పెట్టి కుడిచెయ్యి ఇచ్చినవు. గుర్తున్నదా? గుర్తు లేదంటె లేదను. ఊకుంట.”

“గుర్తుంది.”

“ఏమన్నవు?”

“ఆ మూల మీదే అన్నాను.”

“ఇంకేమన్నవు?”

“మీవాళ్ల పక్కన నీకూ జాగా ఉంటుంది రాములూ అన్నాను.”

“గంతే. గదే సాలు. తేజమ్మా, ఇన్నవు గద బిడ్డా?”

“విన్నాను పెద్దమ్మా.”

“ఇప్పుడు ఫోను చేసి గా వాచ్‌మన్‌కు గదే మాట చెప్పు సారు. ఒక్క మాట. నువ్వు నాతోని అన్నదే వానితోని అను.”

“చేస్తాను. ఉండు.”

“ఇప్పుడు చెయ్యి. మా మరిది ఎండల నిలవడ్డడు.”

“చేస్తానన్నాను కదా. టైమెంత?”

“పదకొండుంబావు సార్. సార్, ఫోను చెయ్యండి. నేను కలపనా? నంబరు చెప్పండి.”

“వద్దు. వాళ్లే చేస్తారు.”

“వాళ్లంటే? వాచ్‌మన్ చేస్తాడా? ఎందుకు చేస్తాడు?”

“మోగుతోంది చూడు. నేనెత్తుతాను, నువ్వు కూర్చో. హలో... ఆఁ... ఆఁ... ఎంతసేపయింది?... ఎవరూ ఏమీ అనలేదుగా?... సరే... సరే. ఉండండి అక్కడే. పంపిస్తున్నా.”

“వాచ్‌మనేనా సార్?”

“వాడే.”

“తవ్వమని చెప్పినవా సారు? నేనినలే. తవ్వు అన్న మాట ఇనలే.”

“లైటు వెయ్యమ్మా తేజస్వినీ.”

“సారు, నేను నీకొకటి దాచిన. తప్పయింది. పార్టీ వచ్చే దినమని, గడప ఎక్కనియ్యవని దాచిన. మా ఇంటాయిన పోయిండు సారు. ఇయ్యాల పొద్దుగాల. నువ్వు మాటిచ్చిన జాగ గాయినకే. రేపు కాదు, ఎల్లుండి కాదు, ఇయ్యాలనే కావాలె.”

“తెలుసు.”

“ఏంది?”

“ఆరింటికే తెలుసు యాదమ్మా. వాచ్‌మన్ ఫోన్ చేశాడు. తవ్వనివ్వొద్దని చెప్పింది నేనే. నువ్వక్కడ నిలబడితే మీవాళ్లు కదలరని నిన్నిక్కడ కూర్చోబెట్టాను. మీ మరిదిని ఒప్పించాం, రాముల్ని చెరువు అవతల ఊరి శ్మశానానికి తీసుకెళ్లారు. కింద జీపుంది, ఎక్కు. నువ్వెళ్లేదాకా మట్టి వెయ్యొద్దని చెప్పాను.”